దగ్గరి ఆసుపత్రి, తగిన ఆసుపత్రి

 

ఈ రోజు మాట్లాడుకునే సంగతి రోడ్డు ప్రమాదం. ప్రమాదాలు ఎట్లా జరుగుతాయో అందరూ చూస్తూనే ఉన్నారు. జరిగిన తర్వాత ఏం చెయ్యాలో మాత్రం చాలామందికి తెలియదు. దెబ్బ తగిలిన మనిషిని ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలి? ఆపరేషన్ ఎక్కడ చేయించాలి? ఈ ప్రశ్న ఏ రాత్రివేళో ఇంటి మీదికి వచ్చి పడుతుంది. అప్పుడు ఆలోచించే తీరిక ఉండదు. కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే నిమ్మళంగా కూర్చున్నప్పుడే ఆలోచించి పెట్టుకోవాలి.

ఒక కుటుంబం సంగతి చెప్పుకుందాం. ఇది ఫలానా ఇంటి కథ అని కాదు. ఎన్నో ఇళ్ళలో జరిగేదే. అందుకే ఇందులో పేర్లు లేవు. భర్త తాపీమేస్త్రి. భార్య కూలికి పోతుంది. రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. ఇంట్లో అత్త ఉంది. మరిది ఉన్నాడు. ఇద్దరు పిల్లలు.

రోడ్డు మీద

గుంటూరు నుంచి ఒంగోలు పోయే పెద్ద రోడ్డు. 16వ నంబరు జాతీయ రహదారి. సాయంత్రం ఆరున్నర అయింది. మసక చీకటి పడింది. మేస్త్రి పని దిగి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. వెనక నుంచి ఒక కారు వచ్చి కొట్టింది. మేస్త్రి ఎగిరి కంకరలో పడ్డాడు. కుడికాలు మోకాలి కింద ఎముక విరిగింది. విరిగిన ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. రక్తం కారిపోతున్నది.

జనం మూగారు. తలా ఒక మాట అన్నారు.

"ఆటోలో వేసుకుపోదాం."

"పోలీసు కేసు అవుతుంది. మనకెందుకు?"

"పక్క ఊళ్ళో కట్టు కట్టే ఆయన ఉన్నాడు. అక్కడికి పోదాం."

"ముందు కాసిని నీళ్ళు తాగించండి."

టీ కొట్టు నడిపే ఆమె ఇవేమీ వినలేదు. 108కి ఫోన్ చేసింది. ఎక్కడ జరిగిందో, ఎట్లాంటి దెబ్బో చెప్పింది. ఉతికిన తువ్వాలు మడిచింది. బయటికి వచ్చిన ఎముక మీద కాకుండా, దాని పక్కన రక్తం కారే చోట గట్టిగా అదిమి పట్టింది. ఎముకను లోపలికి నెట్టనియ్యలేదు. కాలు గుంజనియ్యలేదు. నీళ్ళు కూడా తాగించనియ్యలేదు. ఆపరేషన్ చెయ్యాలంటే మత్తు ఇవ్వాలి. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో వాంతి అయ్యి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రాణానికే ముప్పు.

మరి పోలీసు కేసు భయం? ఆ భయం అక్కరలేదు. దెబ్బ తగిలిన మనిషికి సాయం చేసినవాళ్ళను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో కూడా ఆ మాట చేర్చారు. సాయం చేసినవాళ్ళు తమ పేరు చెప్పాలన్న బలవంతం లేదు. ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన పని లేదు.

108 బండి వచ్చింది. ఈ బండ్లు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఇరవై ఏళ్ళ నుంచి ఎందరి ప్రాణాలో కాపాడాయి. బండిలో వచ్చినవాళ్ళు కాలు కదలకుండా చెక్కబద్ద వేసి కట్టారు. సెలైన్ పెట్టారు. దగ్గరలో ఉన్న ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయారు.

మొదటి ఆసుపత్రి

ఇంటికి కబురు అందింది. భార్య, అత్త, మరిది పరుగున వచ్చారు. మరిదికి కోపం వచ్చింది.

"ఈ చిన్న ఆసుపత్రికి ఎందుకు తెచ్చారు? నేరుగా పెద్ద ఆసుపత్రికే పోవాల్సింది గదా!"

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కోప్పడలేదు. నిదానంగా చెప్పింది.

"బాబూ, కాలు తర్వాత. ముందు ప్రాణం. ఊపిరి సరిగ్గా ఆడుతున్నదా? రక్తం ఆగిందా? తలకు, మెడకు, కడుపుకు దెబ్బ తగిలిందా? ఇవి ముందు చూడాలి. దూరం పోతే దారిలోనే రక్తం అంతా పోయేది."

డాక్టర్లు దెబ్బ తగిలిన మొదటి గంటను బంగారు గంట అంటారు. ఆ గంటలో అందిన వైద్యానికి ఉన్న బలం తర్వాత అందే వైద్యానికి ఉండదు. కాబట్టి మొదటి ఆసుపత్రిని ఎంచుకునే పనే లేదు. వైద్యం అందే ఆసుపత్రి ఏది దగ్గర ఉంటే అదే మంచి ఆసుపత్రి. అది సర్కారుది కావచ్చు. ప్రైవేటుది కావచ్చు. పోలీసు కాయితం తెమ్మని, ముందు డబ్బు కట్టమని ప్రాణం మీదికి వచ్చిన మనిషిని వెనక్కి పంపకూడదు. ప్రతి డాక్టరూ ముందు ప్రాణం కాపాడాలి అని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పోలీసులకు కబురు చెయ్యటం ఆసుపత్రి వాళ్ళ పని.

డాక్టరమ్మ రక్తం ఆపింది. చీము పట్టకుండా సూదిమందు ఇచ్చింది. ధనుర్వాతం రాకుండా ఇంకో సూది వేసింది. ఎక్స్‌రే తీయించింది. మేస్త్రి పాదం పట్టుకుని చూసింది. వేళ్ళు కదిలించమన్నది.

"పాదం వెచ్చగా ఉంది. నాడి అందుతున్నది. అది మన అదృష్టం" అన్నది.

ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. కాలు విరిగినప్పుడు పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా రక్తం అందటం లేదేమో అని అనుమానించాలి. సూది వేసినా నొప్పి పెరుగుతూ, పిక్క రాయిలాగా బిగుసుకుపోతే అది కూడా ప్రమాదమే. అప్పుడు గంటలు లెక్కబెట్టుకోవాలి. ఆరు గంటలు దాటితే కాలు దక్కటం కష్టం అవుతుంది. అట్లాంటి కాలికి పసరు కట్టో, బిగుతు కట్టో వేస్తే ఉన్న రక్తం కూడా ఆగిపోతుంది.

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది.

"ఎముక బయటికి వచ్చిన దెబ్బ ఇది. లోపలికి మట్టి, కంకర పోయాయి. ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చి బాగా కడగాలి. ఈ రాత్రే చెయ్యాలి. రేపటిదాకా ఆగితే చీము పట్టే ప్రమాదం ఉంది. ఎముక కదలకుండా బయట నుంచి కడ్డీలు బిగిస్తారు. గాయం మానే దారిలో పడితే లోపల రాడ్డు వేస్తారు. తోలు పోయినచోట వేరే తోలు కప్పాల్సి ఉంటుంది. ఎముకల డాక్టరు, ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు ఇద్దరూ కావాలి. ఆ సౌకర్యం మా దగ్గర లేదు. ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. అరగంటలో ఎక్కడికి పోతారో చెప్పండి. కాయితం రాసిస్తాను."

గేటు దగ్గర మనిషి

కుటుంబం బయటికి వచ్చింది. గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరో తెలియదు. చాలా ప్రేమగా మాట్లాడాడు.

"సర్కారు ఆసుపత్రికి పోయారంటే కాలు కోసేస్తారు. నాకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది. బండి నేనే పెడతా. రేపు పొద్దున్నే ఆపరేషన్. లక్షన్నర అవుతుంది. కాలికి గ్యారంటీ నాది."

అత్త ఏడ్చింది. "నా బిడ్డ కాలు కొయ్యనియ్యను. మెళ్ళో గొలుసు ఉంది, తీసుకోండి" అన్నది. మరిది అరెకరం అమ్ముదామన్నాడు. "ఒదినా, ఆలోచించకు. ఎక్కిద్దాం పద" అన్నాడు.

ఇట్లాంటి మనుషులు కొన్ని ఆసుపత్రుల గేట్ల దగ్గర ఉంటారు. రోగిని తీసుకుపోయి అప్పజెప్పితే వాళ్ళకు కమీషన్ ముడుతుంది. ఆపరేషన్ చేసే డాక్టరే గ్యారంటీ ఇవ్వడు. గేటు దగ్గర మనిషి ఎట్లా ఇస్తాడు?

భార్యకు కూడా గుండె దడదడలాడుతున్నది. కానీ డాక్టరమ్మ మాట గుర్తుంది. ప్రాణానికి భయం లేదు. అరగంట టైము ఉంది. ఆమె వెనక్కి పోయి, "అమ్మా, ఆసుపత్రి మంచిదో కాదో మాకు ఎట్లా తెలుస్తుంది? ఏం అడగాలి?" అన్నది. డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో రాసుకున్నది. అక్షరాలు వంకరగానే వచ్చాయి. అయినా అర్థమయ్యేటట్టు ఉన్నాయి.

అయిదు ప్రశ్నలు

ఒకటి. ఎముకల డాక్టరు ఈ రాత్రి ఆసుపత్రిలో ఉంటారా? ఆపరేషన్ ఎన్ని గంటలకు చేస్తారు?

రెండు. రక్తనాళాలు చూసే డాక్టరు, తోలు కప్పే డాక్టరు ఉన్నారా? లేకపోతే మళ్ళీ ఎక్కడికి పంపుతారు?

మూడు. మత్తు డాక్టరు, రక్తనిధి, ఐసీయూ ఉన్నాయా?

నాలుగు. మొత్తం ఖర్చు ఎంత? ప్రభుత్వ పథకం కింద చేస్తారా? రాసి ఇస్తారా?

అయిదు. ఆపరేషన్ తర్వాత ఎన్నిసార్లు రావాలి? అంత దూరం రాగలమా?

గేటు దగ్గర మనిషి ఫోన్ కలిపాడు. ఆమె కవరు చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. అవతల నుంచి జవాబులు వచ్చాయి. ఎముకల డాక్టరు రేపు పదింటికి వస్తారు. రక్తం బయట నుంచి తెచ్చుకోవాలి. తోలు సంగతి తర్వాత చూద్దాం. పథకం లేదు. ఈ రాత్రి యాభై వేలు కట్టాలి. రాసి ఇవ్వటం కుదరదు.

మరిది మాట్లాడలేదు. అతనికీ అర్థమైంది.

తర్వాత డాక్టరమ్మే పట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడ డాక్టర్లందరూ ఉన్నారు. పథకం కూడా ఉంది. కానీ ఆ రాత్రి పడక ఖాళీ లేదు. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి ఫోన్ చేసింది. అది మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఎముకల డాక్టర్లు, ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లు, రక్తనిధి ఒకేచోట ఉన్నాయి. వచ్చెయ్యమన్నారు.

ఇక్కడ ఒక మాట. సర్కారుది మంచిది, ప్రైవేటుది చెడ్డది అని చెప్పటం కాదు. ఇటూ మంచి ఆసుపత్రులు ఉన్నాయి, అటూ ఉన్నాయి. పడక ఖాళీ ఉంటే ఆ ప్రైవేటు ఆసుపత్రి కూడా తగినదే. బోర్డు చూసి, అద్దాల మేడ చూసి, మనిషి మాట చూసి ఎంచుకోవద్దు. ఈ దెబ్బకు, ఈ రాత్రికి కావలసినవి ఉన్నాయా లేదా చూసి ఎంచుకోవాలి.

సంతకం పెట్టే ముందు

గుంటూరు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. జనం క్రిక్కిరిసి ఉన్నారు. మేస్త్రిని స్ట్రెచర్ మీదే ఉంచారు. గంట గడిచింది. అత్త మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. మరిది, "ప్రైవేటుకు పోయి ఉంటే ఈపాటికి మంచం మీద ఉండేవాడు" అన్నాడు. భార్య డాక్టరు దగ్గరికి పోయి డాక్టరమ్మ ఇచ్చిన కాయితం చూపించింది. "దెబ్బ తగిలింది ఆరున్నరకు అయ్యా. ఎముక బయటికి వచ్చింది" అని చెప్పింది. కాయితంలో దెబ్బ తగిలిన టైము, ఇచ్చిన సూదులు అన్నీ రాసి ఉన్నాయి. మేస్త్రిని ఆపరేషన్‌కు సిద్ధం చేశారు.

ఒక కుర్ర డాక్టరు సంతకం కోసం కాయితం తెచ్చాడు. అది తెలుగులోనే ఉంది. ఇదివరకైతే ఆమె వేలిముద్ర వేసేది. ఇప్పుడు చదివింది. కూడబలుక్కుని చదివింది. ఒక లైను దగ్గర ఆగిపోయింది. అవసరమైతే కాలు తీసివేయుటకు సమ్మతించుచున్నాను అని ఉంది. ఆమె చెయ్యి వణికింది.

"అయ్యా, కాలు తీసేస్తారా?"

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కాలు నిలపటానికే ఆపరేషన్ చేస్తున్నామమ్మా. పాదానికి రక్తం అందుతున్నది. కాబట్టి ఆశ ఉంది. లోపల నరాలు, రక్తనాళాలు బాగా నలిగిపోతే, చీము ప్రాణం మీదికి వస్తే అప్పుడు తప్పదు. అట్లాంటిది ఏదన్నా కనపడితే నేనే బయటికి వచ్చి మీకు చెప్తాను. మీతో మాట్లాడకుండా చెయ్యను."

ఆమె ఆ మాట విన్నది. భర్త స్పృహలోనే ఉన్నాడు. అతనికీ చెప్పింది. ఒప్పుకోవలసింది ముందు అతనే. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

చదవకుండా సంతకం పెట్టకూడదు. చదవలేకపోతే చదివించుకోవాలి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనాలి. ఏ ఆపరేషన్, ఏ కాలికి, ఎందుకు, ఏమి ప్రమాదం, వేరే దారి ఉందా అని అడగటం రోగి హక్కు. ప్రాణం మీదికి రాని ఆపరేషన్ అయితే ఇంకో డాక్టరును కూడా అడిగి చూడవచ్చు. డాక్టర్లు దాన్ని తప్పు పట్టుకోకూడదు.

డబ్బు సంగతి

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. పథకం పనులు చూసేది వాళ్ళే. ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో దీని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరే ఉంది. అక్కడ 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలదాకా పెంచారు. పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రీ ప్రతి ఆపరేషనూ చెయ్యదు. ఎముకల ఆపరేషన్ చేస్తారా అని విడిగా అడగాలి.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఇంకో పథకం తెచ్చింది. మోటారు బండి వల్ల రోడ్డు మీద దెబ్బ తగిలిన ఎవరికైనా, పథకంలో చేరిన ఆసుపత్రిలో లక్షా 50 వేల రూపాయలదాకా వైద్యం. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు వర్తిస్తుంది. పథకంలో లేని ఆసుపత్రి అయితే ప్రాణం నిలిపేవరకే చూస్తారు. ఈ పథకం కింద రాయమని ఆసుపత్రిలో చేరిన రోజే అడగాలి. పోలీసులకు ప్రమాదం సంగతి తప్పక తెలియాలి.

నష్టపరిహారం కూడా ఉంటుంది. కారు బీమా కంపెనీ నుంచి పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల లోపే పెట్టటం మంచిది. కొట్టిన బండి ఏదో తెలియకపోయినా పెద్ద దెబ్బలకు 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు 2022 ఏప్రిల్ నుంచి ఇస్తున్నారు. లాయరుకు డబ్బు లేని పేదలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. వీటన్నిటికీ కాయితాలే ఆధారం. ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాయితం, పోలీసులు ఇచ్చిన ఎఫ్ఐఆర్ నకలు ఒక సంచిలో దాచుకోవాలి.

ఆ తర్వాత

మేస్త్రికి ఆ రాత్రి పన్నెండు గంటలకు మొదటి ఆపరేషన్ అయింది. డాక్టరు మధ్యలో బయటికి రాలేదు. అంటే కాలు నిలిచింది. వారం లోపల తొడ మీది తోలు తీసి గాయం మీద కప్పారు. తర్వాత రాడ్డు వేశారు. అంతా సులువుగా జరగలేదు. ఒకసారి చీము పట్టింది. మళ్ళీ కడిగారు. కుటుంబం రెండు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగింది. ఏడాదిదాకా మేస్త్రి పరంజా ఎక్కలేదు. ఇప్పటికీ కాస్త కుంటుతాడు. కానీ తన కాళ్ళ మీద తను నడుస్తున్నాడు. అరెకరం అమ్మలేదు. అత్త గొలుసు అత్త మెళ్ళోనే ఉంది.

ఎక్స్‌రే కవరును ఆమె పారెయ్యలేదు. పిల్లల పుస్తకాల పక్కన పెట్టింది. ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా ఆ కవరు కోసం వస్తారు.

అక్కలారా, అన్నలారా! ప్రాణానికి దగ్గరి ఆసుపత్రి. కాలికి తగిన ఆసుపత్రి. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు. మొదటి గంటలో అడగవద్దు, పరుగెత్తండి. రక్తం ఆగిన తర్వాత పరుగెత్తవద్దు, అడగండి. సెలవు.

మాట్లాడుకోండి

1. మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట కూడా డాక్టరు ఉండే ఆసుపత్రి ఏది? ఎన్ని కిలోమీటర్లు?

2. పథకం కింద ఎముకల ఆపరేషన్ చేసే ఆసుపత్రులు మీ జిల్లాలో ఏవి? 104కు ఫోన్ చేసి తెలుసుకోండి.

3. పైన చెప్పిన అయిదు ప్రశ్నలు ఒక కాయితం మీద రాయండి. ఇంట్లో అందరికీ కనపడే చోట అంటించండి.